గృహవిజ్ఞానము: పాటల బండియు, తివాచీక్రింది తీగయు

చీర కొనునపుడు మన స్త్రీలు దానిని తిరుగవేసి చూతురు. రవిక కుట్టించినపుడు లోపలి కుట్టును వ్రేలితో లాగి చూతురు. పైకి కనబడు సొగసు ఒక పూటకును, కనబడని కుట్టు పదేండ్లకును పనికివచ్చునని వారెఱుగుదురు. ఇంటిలోని ప్రతి వస్తువునెడల ఇట్టి తెలివి చూపువారే, మోటారుకారు విషయమున మాత్రము “అది మగవారి పని” యని ప్రక్కకు తొలగుచున్నారు. కారులో పాటలపెట్టె అమర్పించునపుడు ఈ యుపేక్షవలన కలుగు కీడెట్టిదో, దానిని తప్పించుటకు గృహిణి చేయదగిన దేమో ఈ మాసము ముచ్చటింతము.

కృష్ణా డెల్టాలో కారు నేడు పెక్కు కుటుంబములకు ఇంటిలో నొక గదివంటి దయ్యెను. గుడివాడ పెండ్లికిని, అవనిగడ్డ చుట్టముల యింటికిని, ఇంద్రకీలాద్రిమీది అమ్మవారి దర్శనమునకును పిల్లలు పెద్దలు అందఱు నందులోనే పోవుచున్నారు. దారిలో పాట లేనిదే పిల్లలకు పొద్దుపోదు. కంపెనీవా రిచ్చిన చిన్న స్పీకర్లు చాలక, డిక్కీలో పెద్ద బేస్ పెట్టెను, దానిని నడుపుటకు ఆంప్లిఫయరును పెట్టించుట యువకుల వేడుక. ఆ వేడుకను మేము కాదనము. ఆ పెట్టెకు విద్యుత్తును కొనిపోవు తీగ యే దారిని పోవుచున్నదో చూచుకొనుడని మాత్రమే మా మనవి.

బండిలో పాట వినవలెనను కోరిక క్రొత్తది కాదు. 1930లోనే అమెరికాలో గాల్విన్ సోదరుల సంస్థ “మోటరోలా” యను పేర కార్లలో బిగించు రేడియోను అమ్మకమునకు తెచ్చెను. ఆ తొలి దినములలో అప్పుకొఱకు ఒక బ్యాంకు పెద్దమనిషిని మెప్పింపగోరి, ఆయన కారులో రేడియో బిగింపగా, కొంతసేపటికే ఆ కారు అంటుకొన్నదని యొక కథ చెప్పుకొందురు. కథ యెట్టిదైనను అందులోని భయము మాత్రము నేటికిని తీఱలేదు. మన విజయవాడలో 1948 డిసెంబరు 1న రేడియో కేంద్రము వెలసినది. విద్యుత్తు రాని పల్లెలలో ఆనాడు రేడియోను బ్యాటరీతోనే నడపుకొనిరి. అప్పుడు పెట్టెయు, బ్యాటరీయు, వాని నడుమ తీగయు అన్నియు బల్లమీద కంటికెదురుగా నుండెను. నేడు కారులో బ్యాటరీ ముందు బానెట్టు క్రిందను, పెట్టె వెనుక డిక్కీలోను ఉండును. ఆ రెంటిని కలుపు తీగ పిల్లల పాదముల క్రిందినుండి, కంటికి కనబడక పోవుచుండును.

విజయవాడ ఆటోనగరులో మోటారు పనివారి నేర్పునకు కొదువ లేదు. కార్ల అలంకరణ దుకాణములు నగరమంతట గలవు. ఒక్క పూటలో పెట్టె బిగించి, పాట మ్రోగించి, తాళపుచెవి చేతికిత్తురు. పాట మ్రోగినది గనుక పని బాగుగ నున్నదని మనము తలంతుము. కాని చెడ్డగా వేసిన తీగతోను మొదటి దినమున పాట చక్కగనే మ్రోగును. తేడా కొన్ని నెలల తరువాత గాని బయటపడదు.

“పండ్రెండు వోల్టులే గదా! ముట్టుకొన్నను షాకు కొట్టదు, ఇంక భయమేల?” అని పలువురందురు. భ్రమయంతయు నిచ్చటనే యున్నది. షాకు కొట్టుట వేఱు, నిప్పు పుట్టుట వేఱు. ఇంటిలో మనము వాడు 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె 230 వోల్టులమీద నడచును గనుక, దాని తీగలో పాఱు విద్యుత్తు నాలుగు ఆంపియర్లకు కొంచెము పైన మాత్రమే. కారులో 300 వాట్లు తీసికొను ఆంప్లిఫయరునకు 12 వోల్టులమీద 25 ఆంపియర్లు కావలెను. అనగా ఇస్త్రీపెట్టె తీగలో పాఱుదానికి అయిదారు రెట్లు! వోల్టులు తగ్గినకొలది అంతే పనికి ఆంపియర్లు పెరుగును. తీగను వేడెక్కించునవి ఆంపియర్లే.

లెక్క మఱికొంత చూతము. బ్యాటరీనుండి డిక్కీకి సుమారు 5 మీటర్ల తీగ పట్టుననుకొందము. అది 2.5 చదరపు మిల్లీమీటర్ల సన్నని రాగితీగయైనచో, 25 ఆంపియర్లు పాఱునపుడు తీగయే 21 వాట్లకు పైగా వేడిని పుట్టించును. 10 చదరపు మిల్లీమీటర్ల లావుతీగ యైనచో ఆ వేడి 5 వాట్ల చిల్లర మాత్రమే. సన్నతీగ వేసిన బండిలో పెట్టెకు చేరవలసిన వోల్టులును తగ్గును. పాట బిగ్గరగా పెట్టినపుడు ధ్వని బొంగురుపోవుట కదియొక కారణము. తీగకొఱకు చేసిన పిసినారితనము పాటను చెఱచి, బండికిని ముప్పు తెచ్చునన్న మాట.

అంగడిలో రాగివలె కనబడు తీగయంతయు రాగి కాదు. అల్యూమినియముపై రాగిపూత వేసిన తీగ చౌకగా దొరకును. అంతే లావున అది రాగి మోయుదానిలో మూడింట రెండువంతులకన్న మించి మోయలేదు. తీగకొనను చాకుతో గీకి చూచినచో లోపల తెల్లగా కనబడును. అట్టిదే వేయవలసివచ్చినచో ఇంకను లావుదానిని వేయవలెను. ఒకే గట్టి పోగుగల తీగ బండి కుదుపులకు విఱుగును గనుక, సన్నని పోగులనేకము పేనిన మెత్తని తీగనే అడుగవలెను.

ఇంక అన్నిటికన్న ముఖ్యమైనది ఫ్యూజు. దీనిని మన డెల్టావారికి కాలువలతో చెప్పుట సులభము. 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్టయు, దాని పిమ్మట 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజియు నిలిపిన నీరు విజయవాడ ప్రక్కన బందరు కాలువకును, ఏలూరు కాలువకును, రైవస్ కాలువకును తలుపులగుండ పోవును. ఆ తలుపులు కాలువ మొదటనే యున్నవి. ఎచ్చటనో పదిమైళ్ల దూరమున గట్టు తెగినచో, తల తూము మూసిన తరువాతనే గండి పూడ్తురు. తలుపును కాలువ చివర, పొలము దగ్గఱ పెట్టినచో నడుమ తెగిన గండిని అది యేమి చేయగలదు? కారులో బ్యాటరీ జలాశయము, తీగ కాలువ, ఫ్యూజు తల తూము. కావున ఫ్యూజు బ్యాటరీ ప్రక్కనే, జానెడు మొదలు మూరెడు దూరములోపల, ఉండవలెను. ఆంప్లిఫయరునకు దానిలోనే ఫ్యూజున్నదని కొందఱు పనివారందురు. అది పెట్టెను కాపాడును గాని, ముందునుండి వెనుకదాక పోవు తీగను కాపాడదు. మఱియు ఫ్యూజు విలువ తీగ మోయగలదానికి లోబడి యుండవలెను. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని పెద్దది వేయుటగాని, దాని స్థానమున రాగిపోగు చుట్టుటగాని, తల తూము తలుపును పీకివేయుటతో సమానము.

మాకు పరిచయమున్న యొక కుటుంబమువారు మొన్నటి వైశాఖమున పెండ్లి చూచుకొని, రాత్రివేళ గుడివాడనుండి విజయవాడకు మరలుచుండిరి. కొడుకు బండి నడుపుచుండెను. వెనుక సీటులో ఇద్దఱు పిల్లలు నాయనమ్మ యొడిలో తలలుంచి నిద్రించుచుండిరి. కంకిపాడు సమీపించునప్పటికి ఆ ముసలామె ముక్కుకు వాసన తగిలినది. “ఒరే అబ్బాయీ, ఏదో రబ్బరు కాలుతున్న వాసన వస్తోందిరా. ముందు బండి ఆపు,” అన్నది. “బయటిదేమోలే అమ్మా, చేలల్లో గడ్డి తగలబెడుతున్నారు,” అని కొడుకనెను. “గడ్డి వాసన నాకు తెలియదట్రా? ఆపమంటున్నాను,” అని ఆమె గద్దించినది. బండి నిలిపి పిల్లలను దింపిన కొలది నిమిషములలో ముందు సీటు అడుగునుండి పొగ లేచినది. కొడుకు బానెట్టు తెఱచి బ్యాటరీ తీగ నూడదీయుటచే అంతటితో అణగినది. తరువాత తివాచీ యెత్తి చూడగా, పాటలపెట్టె తీగ సీటు జరుగు ఇనుప పట్టాక్రిందనే పోయియున్నది. సీటు ముందునకు వెనుకకు జరిపినప్పుడెల్ల దాని తొడుగు నలిగి, లోపలి రాగి యినుమును తాకుచుండెను. బ్యాటరీవద్ద ఫ్యూజే లేదు. జానెడు మేర తివాచీ మాడినది; అది చిన్నపిల్ల కాలుపెట్టు చోటు. ఆ ముసలామె మాట వినకున్నచో ఏమగుచుండెనో వ్రాయుటకు మాకు చేయి రాదు.

తీగ దారిని గూర్చి కొన్ని నియమములు గలవు. మొదటిది, పని ప్రారంభింపకమునుపు బ్యాటరీ మైనసు తీగ నూడదీయవలెను. రెండవది, బానెట్టునుండి లోపలికి వచ్చుటకు ఇనుప గోడలో చేసిన రంధ్రమునకు రబ్బరు బిళ్ల తప్పక ఉండవలెను. అది లేనిచో ఇనుప అంచు కత్తివలె నుండి, బండి కదలికలచే తొడుగును రోజుకింత కోయును. మూడవది, బానెట్టులోపల తీగ పొగగొట్టమునకును, ఇంజనునకును, తిరుగుడు బెల్టులకును దూరముగా, గీతలుగల నల్లని ప్లాస్టిక్ గొట్టములో పోవలెను. నాలుగవది, బండిలోపల ద్వారముల అంచుపట్టీ క్రింద, కంపెనీ తీగలు పోవు దారినే పోవుట మేలు. సీటు పట్టాలక్రిందను, సీటు బెల్టు మర దగ్గఱను, డ్రైవరు కాలితో త్రొక్కు పెడళ్లవద్దను, స్టీరింగు చుట్టును తీగ యుండరాదు. అయిదవది, తలుపులోని స్పీకరునకు పోవు తీగ, తలుపునకు బండికి నడుమనుండు రబ్బరు తొడుగులోనుండియే పోవలెను. లేనిచో తలుపు వేసినప్పుడెల్ల తెగుచుండును. ఆఱవది, ఎయిర్‌బ్యాగుల తీగలను తాకరాదు. వానికి తఱచుగా పసుపుపచ్చని తొడుగులుండును. ప్రక్క స్తంభములలో ఎయిర్‌బ్యాగున్న బండ్లలో దాని కడ్డముగా ఏ తీగయు పోరాదు. విద్యుత్తుతో నడచు బండ్లలో నారింజరంగు తొడుగుగల తీగలు ప్రాణాంతకమైన వోల్టులను మోయును గనుక, అట్టి బండ్లను ఆ శిక్షణగలవారికి తప్ప నితరుల కప్పగింపరాదు.

దారి చక్కనిదైనను తీగను కట్టకున్న ఫలము లేదు. వదులుగానున్న తీగ బండి కుదుపులకు ఊగును, ఊగినది రాసుకొనును, రాసుకొన్నది తెగును. కావున జానెడు దూరమున కొకచోట ప్లాస్టిక్ టైతో దేనికైనను కట్టవలెను. తొడుగు నొక్కుకొనిపోవునంత గట్టిగా బిగింపరాదు. కొనలవద్ద కొంచెము వదులు విడువవలెను. జడ బిగించి అల్లినచో కుదుళ్లు లాగినట్లే, లాగి కట్టిన తీగయు కొనలవద్ద తెగును. బ్రేకు గొట్టములకును, పెట్రోలు గొట్టములకును తీగను కట్టుట మహాదోషము.

అతుకుల సంగతి. రెండు తీగలను మెలిపెట్టి నల్లటేపు చుట్టుట మన పనివారిలో వాడుక. రోహిణికార్తెలో రోళ్లు పగులునందురు. అట్టి బెజవాడ యెండలో తలుపులు మూసి నిలిపిన బండిలోపల నల్లటేపు జిగురు కరగి, చుట్టు విడిపోవును. కావున అతుకును లోహపు తొడుగుతో నొక్కించుటగాని, టంకము వేయించి వేడికి ముడుచుకొను గొట్టము తొడిగించుటగాని చేయవలెను. కంపెనీ తీగలను కోయకుండ, కప్లరునకు కప్లరు తగిలించు అమరిక దొరకును. అట్లు చేసినచో బండికి కంపెనీ యిచ్చిన హామీకి చిక్కు రాకుండుటకును, రేపు పెట్టె తీసివేయుటకును వీలగును.

ఎర్తుతీగను గూర్చియు అడుగవలెను. ప్లస్సు తీగ యెంత లావో ఎర్తుతీగయు నంత లావుండవలెను, పొట్టిగా నుండవలెను, రంగు గీకిన ఇనుముపై మరతో బిగియవలెను. రంగుపై బిగించిన ఎర్తు వేడెక్కును, పాటలో గురగుర పుట్టించును. బందరు, దివిసీమ ప్రాంతములవారికి సముద్రపు గాలియొకటి గలదు. ఉప్పుగాలికి బిగింపులు తుప్పుపట్టును గనుక, బిగించిన తరువాత దానిపై కొంచెము గ్రీజుగాని రంగుగాని పూయించుట మంచిది.

ఇంజను వేగముతో హెచ్చుచు తగ్గుచు ఈలవంటి ధ్వని పాటలో వినబడినచో, ఎర్తు చెడుటగాని, పాటను మోయు సన్నతీగయు విద్యుత్తును మోయు లావుతీగయు ఒకే ప్రక్కన కలసిపోవుటగాని తఱచు కారణమగును. విద్యుత్తు తీగ ఒక ప్రక్కను, పాటతీగ రెండవ ప్రక్కను పోవలెను. ఒకదానినొకటి దాటవలసివచ్చినచో అడ్డముగా దాటవలెను. ఈ యీల యొకవిధముగా మనకు మేలే చేయుచున్నది: కనబడని తివాచీక్రింద పని యెట్లు జరిగినదో చెవికి చెప్పుచున్నది.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన శత్రువులు రెండు గలవు. ఒకటి యెలుక. సార్వా కోతలు ముగిసిన పిమ్మట చేలలోని యెలుకలు ఇండ్లను, నిలిపిన బండ్లను ఆశ్రయించును. తీగల తొడుగులు కొఱుకును. పల్లెలలో బండి నిలుపువారు పక్షమున కొకసారి బానెట్టు తెఱచి చూడవలెను. రెండవది నీరు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మొదలగు పేటలను ముంచినపుడు ఎన్ని బండ్లు నీటిలో నిలిచినవో విజయవాడవా రెఱుగుదురు. అట్లు మునిగిన బండిని నీరు తీసిన వెంటనే స్టార్టు చేయరాదు. బ్యాటరీ నూడదీయించి, తివాచీలు పైకెత్తి ఆఱబెట్టించి, ప్రతి అతుకును చూపించుకొనవలెను. నీరు తీగ పోగులవెంట లోపలికి ప్రాకి, పైకి పొడిగా కనబడు తీగను లోపల పచ్చగా చిలుము పట్టించును. ఆ బాధ నెలల తరువాత బయటపడును.

ఇంత తెలిసికొని గృహిణి చేయవలసిన పని యేమి? స్పానరు పట్టనక్కఱలేదు. తివాచీ మూయకముందు దుకాణమునకు పోయి చూచిన చాలును. “బాబూ, మూసే ముందు ఆ తీగ మొదటినుంచి చివరిదాకా ఒకసారి చూపించు,” అని అడుగవలెను. “రోజూ చేసే పనే అమ్మా, మీకెందుకు అనుమానం?” అని యతడనవచ్చును. “అనుమానం కాదు నాయనా, దానిమీద పిల్లలు కూర్చుంటారు. చూస్తే నాకు నిమ్మళంగా ఉంటుంది,” అని నెమ్మదిగా చెప్పినచో, పనిమంతుడు కోపగింపడు, తన పని చూపుటకు సంతసించును. చూపుటకు వెనుదీయువాని పని చూచియే తీరవలెను. చూడవలసినవి అయిదు: బ్యాటరీ ప్రక్క ఫ్యూజు, గోడరంధ్రమున రబ్బరు బిళ్ల, సీటు పట్టాకు దూరమైన దారి, జానెడున కొక కట్టు, గీకిన యినుముపై ఎర్తు. సెల్‌ఫోనుతో నాలుగు బొమ్మలు తీసి దాచుకొన్నచో తరువాత మఱియొక పనివానికి చూపుట సులువగును.

పని ముగిసిన పిమ్మట అరగంట బిగ్గరగా పాట పెట్టి, ఫ్యూజు దగ్గఱను తివాచీమీదను చేయివేసి చూడవలెను. గోరువెచ్చన దోషము కాదు. చేయి నిలుపలేని వేడి దోషము. ప్రయాణములో కాలిన వాసన వచ్చినచో వాదులాటకు దిగక బండి నిలిపి, ఇంజను ఆపి, ముందు పిల్లలను దింపి, దూరముగా నిలుపవలెను. బానెట్టునుండి మంట కనబడినచో దానిని విప్పి తెఱవరాదు. గాలి తగిలి మంట పెరుగును. చిన్న అగ్నిమాపక డబ్బా నొకదానిని సీటు ప్రక్కన చేతికందునట్లు ఉంచుకొనుట అందఱకును మంచిది.

పాటలపెట్టె వెలను గూర్చి ఇంటిలో నాలుగు దినములు చర్చింతుము. తీగకును ఫ్యూజునకును పనికూలికిని అయ్యెడు కొద్దిమొత్తమును గూర్చి ఎవరును అడుగరు. ఇకమీదట ఆ చర్చలో తీగకును ఒక చోటిండు. వేడుక డిక్కీలో నుండునుగాని, క్షేమము తివాచీక్రింద నున్నది. దానిని మూయకముందు చూచుట యింటి యిల్లాలి హక్కు.